ఆమోసు గారి హాగ్ రీవ్ ఉద్యోగం

వసంతకుమారి చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. కావలిలో వాళ్ళమ్మ క్షయతో మంచం పట్టినప్పుడు, ముగ్గురు చిన్నపిల్లలకి వండిపెట్టే మనిషి కావలసి వచ్చింది. "ఒక్క ఏడాదేనమ్మా, మళ్ళీ చేరుదువుగాని" అన్నాడు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు పని చేసే తండ్రి. ఆ ఏడాది ఎనిమిదేళ్ళు సాగింది. చివరికి పెళ్ళి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు పేరు ఆమోసు. అమెరికాలో ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, ముప్ఫై నాలుగేళ్ళ వయసు. అక్కడికి వెళ్ళి ఎనిమిదేళ్ళు దాటింది, ఆ దేశపు పౌరుడు కూడా అయ్యాడు. "చదువుతో పనేముంది, మంచిపిల్లయితే చాలు" అన్నాడట. ఆ మాటకి ఇంట్లో అందరూ పొంగిపోయారు. వసంతకుమారికి మాత్రం ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

1980 జనవరిలో ఆమె వెస్ట్ హాల్టన్ చేరింది. న్యూ హాంప్‌షైర్‌లో తొమ్మిది వందల మంది ఉండే ఊరు. ఒక తెల్ల చర్చి, ఒక కొట్టు, ఒక లైబ్రరీ, ఒక టౌన్ హాలు. తెలుగువాళ్ళు ఈ ఇద్దరే. నెలకోసారి తెలుగు ప్రార్థన కూటానికి బోస్టన్ వైపు రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళేవారు. మిగిలిన రోజుల్లో ఆమె కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద మంచు తోసే బండి ఎన్నిసార్లు తిరిగిందో చూస్తూ ఉండేది. మాట్లాడడం తక్కువ, చూడడం ఎక్కువ. ఎవరింటి పొగగొట్టం ఎన్నింటికి పొగ వదులుతుందో ఆమెకి నెల తిరక్కుండానే తెలిసిపోయింది.

లైబ్రరీ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది. హైస్కూలు పూర్తి చేయని పెద్దవాళ్ళకి సాయంత్రం క్లాసులు, జూన్ పద్నాలుగున పరీక్ష, గట్టెక్కితే సర్టిఫికెట్. వసంతకుమారి మూడు వారాల పాటు ఆ కాగితం ముందు నిలబడి చదువుకుని ఇంటికి వచ్చేసింది. నాలుగో వారం భర్తకి చెప్పింది. "చేరు, దానికి నన్నడగడం ఏంది?" అన్నాడు ఆమోసు. ఆ రాత్రి అన్నంలోకి పచ్చడి వేసుకోవడం కూడా మరిచిపోయిందామె. లెక్కలు బాగానే వచ్చేవి. చరిత్రలో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరి కట్టుబాట్లు, జ్యూరీలు, షెరీఫులు అన్నీ పడవల్లో వెంట తెచ్చుకున్నారని చదివింది. బట్టీ పట్టింది గానీ, అదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకుంది.

మార్చి రెండో మంగళవారం టౌన్ మీటింగ్. ఏడాదికోసారి ఊరంతా హాల్లో కూర్చుని, రోడ్లూ బడీ మంచు బండీ అన్నిటి సంగతీ చేతులెత్తి తేల్చుకునే రోజు. ఆమోసు ఓటరుగా మొదటిసారి వెళ్తున్నాడు. సూటు వేసుకున్నాడు, టై రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు. "మనూళ్ళో పంచాయితీ అంటే గడప అవతల నిలబడేవాళ్ళం. ఇక్కడ కుర్చీ వేస్తారు, చూడు" అన్నాడు.

ఓటు లేనివాళ్ళకి గోడవారగా ఒక బల్ల. బడిపిల్లలతో, పేపరు విలేఖరితో కలిసి వసంతకుమారి అక్కడ కూర్చుంది. సభ నడిపించే ఆయన్ని మోడరేటర్ అంటారు. పొడుగాటి పాల రైతు, చేతిలో చెక్క సుత్తి. రోడ్డు చదును చేసే యంత్రం గురించి నలభై నిమిషాలు కొట్లాడుకున్నారు. ఒక ముసలామె లేచి మోడరేటర్‌ని మొహం మీదే "నీకు బుద్ధి లేదు, హెన్రీ" అంది. ఆయన "మీ మాట రాసుకున్నాం" అన్నాడు. ఆ ముసలామెని బయటికి పంపేస్తారేమోనని వసంతకుమారి తలుపు వైపు చూసింది.

తర్వాత చిన్న పదవులు వచ్చాయి. కంచెలు చూసేవాళ్ళు, కట్టెలు కొలిచేవాళ్ళు. ఆఖరున మోడరేటర్ నవ్వు ఆపుకుంటూ "హాగ్ రీవ్" అన్నాడు. వెనక నుంచి నాలుగైదు గొంతులు ఒక్కసారే "ఏమస్!" అని అరిచాయి. ఆ ఊరివాళ్ళు ఆమోసుని అలాగే పిలుస్తారు. ఒప్పుకునేవాళ్ళు చెప్పండనగానే హాలు దద్దరిల్లింది. వద్దనేవాళ్ళెవరని అడిగితే చీమ చిటుక్కుమనలేదు. ఆ వెంటనే నవ్వులు, చప్పట్లు, చెక్క నేల మీద బూట్ల దరువు. పక్కనున్న క్లారెన్స్ కోల్బీ అనే రైతు ఆమోసు వీపు మీద ఒక్కటి చరిచి, "పందులు తప్పించుకుంటే నువ్వే పట్టాలి!" అన్నాడు.

అందరూ నవ్వుతుంటే వసంతకుమారి కూడా నవ్వింది. అప్పుడే భర్త మెడ కనిపించింది. కాలర్ మీద నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ ఆమోసు అన్నాడు. "నువ్వు కూడా నవ్వావు."

"అందరూ నవ్వుతుంటే... నాకేం తెలుసండీ?"

"మా తాత సంగతి నీకు చెప్పానా ఎప్పుడన్నా?"

చెప్పలేదు. అప్పుడు చెప్పాడు. కందుకూరు పక్క పల్లెలో తాత వెట్టివాడు. మునసబు కబురు మోయాలి, చచ్చిన గొడ్డుని ఈడ్వాలి, చేలో పడ్డ పందుల్ని పట్టుకుని రావాలి. చేస్తావా అని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో పుట్టాడు, చేశాడు. ముసలాడై నడుం వంగాక మునసబు మనిషి వచ్చి "నీ కొడుకుని పంపు" అన్నాడు. ఆ కొడుకు, అంటే ఆమోసు తండ్రి, తెల్లారేలోపు ఒంగోలు మిషన్ బోర్డింగుకి పారిపోయాడు. అందుకే తాను ల్యాబులో తెల్లకోటు వేసుకోగలిగాడు.

"ఈళ్ళకి ఆ సంగతి ఎట్టా తెలిసింది?" అంది వసంతకుమారి.

"తెలవాల్సిన పనేముంది? చూస్తే చాలు. ఇంతమందిలో పందులు పట్టేవాడు నేనే కనిపించా. సూటేసుకుని పోయాను కూడా."

ఆ సాయంత్రమే ఆరిజోనాలోని చాండ్లర్‌కి ఫోన్ చేశాడు. అక్కడ సుందర్ రాజ్ అనే పాత స్నేహితుడున్నాడు. ఫోన్‌లో ఆయన గొంతు గది అంతా వినిపించింది. "వచ్చెయ్యరా బాబూ! చిప్ ఫ్యాక్టరీలు వస్తున్నాయి, హాస్పిటల్స్ కడుతున్నారు. ఎండ అచ్చం మన ఒంగోలు ఎండే. ఏప్రిల్ పదిహేనుకి జాయిన్ అవ్వొచ్చు, నేను మాట్లాడతా."

ఆమోసు ఫోన్ పెట్టేశాక వసంతకుమారి బియ్యం కడుగుతూనే అంది. "జూన్ పద్నాలుగున పరీక్షండీ."

"చదువెక్కడైనా చదవొచ్చు వసంతా. ఒక్క ఏడాది ఆగు."

ఆమె నీళ్ళు తేటగా వచ్చాక కూడా బియ్యం కడుగుతూనే ఉంది. ఒక్క ఏడాది అంటే ఎంత పొడుగో ఆమెకి తెలిసినట్టు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు టౌన్ క్లర్క్ మిసెస్ పెర్లీ ఫోన్ చేసింది. శనివారంలోగా వచ్చి ప్రమాణం చేయాలట. శుక్రవారం పొద్దున ఆమోసు టైప్ మెషిన్ ముందు కూర్చుని ఈ పదవి నాకు వద్దని రెండు వాక్యాల ఉత్తరం కొట్టి, కవరులో పెట్టి భార్య చేతికిచ్చాడు. "నేను డ్యూటీకి పోతున్నా. ఆమెకిచ్చి రా. నేనా గడప తొక్కను."

ఆయన వెళ్ళాక వసంతకుమారి బయల్దేరింది. మంచు కరిగి రోడ్డంతా బురద. మేపుల్ చెట్లకి తగిలించిన బకెట్లలో రసం బొట్లు బొట్లుగా పడుతోంది. దారి పొడుగునా ఒకే ప్రశ్నని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా తిప్పి తిప్పి అనుకుంది.

ఆ ఊరికి వేరే ఆఫీసు లేదు. మిసెస్ పెర్లీ వంటిల్లే ఆఫీసు. ఒక పక్క పొయ్యి మీద మేపుల్ రసం పాకానికి వస్తోంది, ఇంకో పక్క బల్ల మీద రబ్బరు స్టాంపులు, కుక్కల లైసెన్సులు. ఆమెకి డెబ్బై ఏళ్ళుంటాయి. చేతిలో గరిటె, చెవి సందున పెన్సిలు.

"ఏడీ మా కొత్త హాగ్ రీవ్?" అంది నవ్వుతూ.

కవరు కోటు జేబులో ఉంది. వసంతకుమారి దాని మీద చెయ్యి వేసింది గానీ బయటికి తీయలేదు. "ఏమస్‌నే ఎందుకు ఎన్నుకున్నారు?" అని అడిగింది. ఇంతా చేసి, అనుకున్న నాలుగు రకాల్లో అది ఒకటీ కాదు.

"ఎందుకేమిటి? పెళ్ళి చేసుకున్నాడుగా!"

వసంతకుమారి మొహం చూశాక ఆ ముసలామె గరిటె కింద పెట్టింది. "మీకెవరూ చెప్పలేదా?"

"లేదు."

"అయ్యో దేవుడా. హెన్రీ నిజంగానే బుద్ధి లేనివాడు. నేను అంతకంటే" అంటూ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఏడాదిలో పెళ్ళయిన మగవాణ్ణి హాగ్ రీవ్‌ని చేయడం ఈ ఊరి ఆనవాయితీ అని చెప్పింది. ఇంగ్లండు పల్లెల్లో రీవ్ అంటే ఊరి పని చూసే అధికారి. పందులు చేలో పడకుండా చూడడానికి, పడితే నష్టం ఎంతో తేల్చడానికి ఒకణ్ణి పెట్టుకునేవారు. ఓడలెక్కి వచ్చినవాళ్ళు ఆ పద్ధతి కూడా తెచ్చుకున్నారు. "తర్వాత రాజుని వదిలించుకున్నాం. హాగ్ రీవ్‌ని మాత్రం వదల్లేదు. నన్నడిగితే మంచి బేరమే. ఇప్పుడు పనేమీ లేదు, ఇక నువ్వు మావాడివి అని చెప్పడమే."

వసంతకుమారి తలూపింది. కానీ మనసు ఒప్పుకోలేదు. ఊరి సేవ అనీ, మీరు లేకపోతే ఊరికి జరగదనీ తియ్యటి మాటలు వెట్టివాళ్ళకి కూడా చెప్పే ఉంటారు. మాట వేరు, రాత వేరు.

"రాసిన పుస్తకాలున్నాయా?"

"పదిహేడు వందల అరవై ఎనిమిది నుంచి."

"నేను చూడొచ్చా? నాకు ఓటు లేదు."

"చూడ్డానికి ఓటెందుకు? ఎవరైనా చూడొచ్చు. ఎందుకని అడగడానికి కూడా నాకు హక్కు లేదు." మిసెస్ పెర్లీ సామాన్ల గదిలోని ఇనప్పెట్టె తెరిచి, తోలు అట్టల పుస్తకాలు మోసుకొచ్చింది. "పాకం చెయ్యి మాత్రం తగలనీకు."

వసంతకుమారి చేతులు రెండుసార్లు తుడుచుకుంది. వాళ్ళ ఊళ్ళో కరణం లెక్కలు ఎర్రగుడ్డలో మూటగట్టి ఉండేవి. వాటిలో ఏముందో చూసినవాణ్ణి ఆమె ఎరగదు. ఇక్కడ గుమ్మంలోకి నడిచొచ్చిన పరాయిదాని ముందు తెరిచి పెట్టారు.

పాత చేతిరాత మొదట్లో ముళ్ళకంపలా ఉంది. అరగంటకి అక్షరాలు విడిపోయాయి. ఆమెకి కావలసింది ఒక్కటే. అదే పేరు మళ్ళీ వస్తుందా? ఒకే ఇంట్లో తండ్రి తర్వాత కొడుకుకి, కొడుకు తర్వాత మనవడికి ఆ పని అంటుకుందా? వేలు పెట్టి ఏడాది ఏడాదీ చూసుకుంటూ వెళ్ళింది. 1771లో జోసయా కోల్బీ. 1772లో వేరేవాడు. 1773లో ఇంకొకడు. కొన్నేళ్ళు ఇద్దరూ ముగ్గురూ. కొన్ని ఇంటిపేర్లు తరానికోసారి వచ్చాయి గానీ, ఒక మనిషి పేరు రెండోసారి రాలేదు. జోసయా కోల్బీ పేరు మళ్ళీ కనిపించింది, అయితే వేరేచోట. 1779లో ఊరి పెద్దల్లో ఒకడు, 1790లో మోడరేటర్. ఊరి మొదటి డాక్టరు ఒక ఏడాది హాగ్ రీవ్. చర్చి పాస్టరు కొడుకు ఒక ఏడాది. 1931లో వాల్టర్ పెర్లీ.

"మా ఆయనే" అంది మిసెస్ పెర్లీ భుజం మీదుగా తొంగిచూసి. 1952లో ఇప్పటి మోడరేటర్ హెన్రీ.

మొదటి పుస్తకంలోనే వెనకవైపు ఇంకో జాబితా కనిపించింది. అది వేరే రకం. ఒక విధవ, ఇద్దరు పిల్లలు. ఒక కుంటి సైనికుడు. ప్రిన్స్ అనే నల్లవాడు, అతని భార్య. పద్నాలుగు రోజుల్లో ఊరు విడిచి పోవాలి అని ప్రతి పేరుకీ ఎదురుగా ఉంది.

"ఇదేమిటి?"

మిసెస్ పెర్లీ పొయ్యి వైపు తిరిగి, తర్వాత మళ్ళీ ఇటు తిరిగింది. "ఊరి పండగప్పుడు మేం చదవని పేజీ అది. బీదవాళ్ళు వచ్చి స్థిరపడితే ఊరు కూడు పెట్టాల్సి వస్తుందని, కానిస్టేబుల్‌ని పంపి పొమ్మని చెప్పించేవారు. అది కూడా ఇంగ్లండు నుంచి వచ్చిందే. మంచీ చెడ్డా ఒకే ఓడలో వచ్చాయమ్మా."

వసంతకుమారి ప్రిన్స్ పేరు హాగ్ రీవ్‌ల జాబితాలో వెతికింది. ముందుకీ వెనక్కీ వెతికింది. లేదు. ఒక వేలు ఈ జాబితా మీద, ఇంకో వేలు ఆ జాబితా మీద పెట్టింది.

"పొమ్మన్నవాళ్ళ పేర్లు ఇందులో. ఉండమన్నవాళ్ళ పేర్లు అందులో" అంది.

"ఈ కుర్చీలో ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాను. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు" అంది మిసెస్ పెర్లీ.

వసంతకుమారి తన క్లాసు నోటుబుక్కులో రెండు జాబితాలూ ఎక్కించుకుంది. కవరు జేబులోనే ఉంచుకుని ఇంటికి నడిచింది.

సాయంత్రం ఐదింటికి ఆమోసు వచ్చాడు. "ఇచ్చావా?"

"ఇవ్వలేదండీ."

పెళ్ళయ్యాక ఆయన చెప్పిన పని ఆమె చేయకపోవడం అదే మొదలు. ఆయన కోటు విప్పడం మానేసి నిలబడ్డాడు. ఆమె నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆనవాయితీ సంగతి చెప్పింది.

"కొత్త పెళ్ళికొడుక్కిస్తారా? ఆమె చెప్తే నువ్వు నమ్మావా?"

"నమ్మలా. అందుకే రాసుకొచ్చా. చూడండి."

ఆమోసు ల్యాబు మనిషి. మాట మీద కోపం తెచ్చుకోగలడు గానీ, అంకెలు కనిపిస్తే చదవకుండా ఉండలేడు. నిలబడే మొదటి పేజీ చదివాడు. కూర్చుని రెండోది చదివాడు.

"ఏ పేరూ రెండోసారి లేదా?"

"లేదు. రెండుసార్లు చూశా."

"ఏడాదికొకడు."

"ఏడాదికొకడు. కొన్నేళ్ళు ముగ్గురు. తర్వాత వాళ్ళే పెద్దలయ్యారు. డాక్టరు కూడా ఉన్నాడు."

"మా తాత ముప్ఫై ఏళ్ళు చేశాడు" అన్నాడు ఆమోసు. ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు. కాసేపటికి రెండో జాబితా దగ్గర ఆగాడు. "ఈ ప్రిన్స్ ఎవరు?"

"పొమ్మన్నారు. ఆయన పేరు అందులో వెతికా. లేదు." ఆమె మొదటి జాబితా చివర వేలు పెట్టింది. "మీ పేరు ఉంటుంది."

"మరి అట్టా నవ్వడం ఏంది?"

"అది నన్నడిగితే ఏం లాభం? వాళ్ళనే అడగండి."

శనివారం పొద్దున ఇద్దరూ వెళ్ళారు. ఆమోసు సూటు వేసుకోలేదు. స్వెటర్‌తో గుమ్మంలో నిలబడే అడిగేశాడు. "మేడమ్, మంగళవారం మీరందరూ నన్ను చూసి నవ్వారు. ఎందుకు?"

"నవ్వాం" అంది మిసెస్ పెర్లీ. "వాల్టర్ని చూసి ఇంకా ఎక్కువ నవ్వారు. ఎవరో పందిపిల్లకి రిబ్బను కట్టి మా బండిలో పెట్టారు, అది నా పెళ్ళి టోపీ తినేసింది. అయితే వాల్టర్‌కి అది ఎందుకో తెలుసు. మీకు తెలియదు. తెలియని మనిషిని చూసి నవ్వాం. అది మా తప్పు, ముందుగా చెప్పాల్సింది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి అందరికీ అన్నీ తెలుసనుకోవడం ఒక జబ్బు."

ఆమోసు గుమ్మం దాటకుండానే అడిగాడు. "నాకు వద్దంటే?"

"వద్దనొచ్చు. ఒప్పుకోలేదు అని ఒక్క ముక్క రాస్తాను. ఎందుకని ఎవరూ అడగరు."

"ఎవరూ అడగరా?"

"అడిగితే నాకు చెప్పండి."

వసంతకుమారి ఆయన మొహమే చూస్తోంది. వద్దనే వీలుందన్న మాట ఆయన లోపల ఎక్కడికో దిగడం ఆమెకి కనిపించింది. తాతకి లేనిది అదే. ఆమోసు తలెత్తి, లోపలికి రెండడుగులు వేసి, "ఏ చెయ్యి ఎత్తాలి?" అన్నాడు.

పొయ్యి పక్కనే నిలబడి ప్రమాణం చేశాడు. రాజ్యాంగానికి కట్టుబడతాననీ, హాగ్ రీవ్ పని పక్షపాతం లేకుండా చేస్తాననీ. పుస్తకంలో సంతకం పెట్టాక సిరా ఆరేదాకా అలాగే చూశాడు. తర్వాత ఉద్యోగస్తుడి గొంతుతో అడిగాడు. "ఊళ్ళో మొత్తం పందులెన్ని?"

మిసెస్ పెర్లీ పెన్సిలు చెవి సందులోంచి తీసింది. ఆ ప్రశ్న ఎన్నేళ్ళుగా ఎవరూ అడగలేదో ఆమెకే గుర్తు లేదట. "పదకొండు. అన్నీ క్లారెన్స్ కోల్బీవే. ఉత్తరం వైపు కంచె ఏమంత బాగాలేదు."

"పద, చూసొద్దాం" అన్నాడు ఆమోసు భార్యతో.

బురదలో జారకుండా ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. సగం దారిలో వసంతకుమారి అడిగింది. "మరి చాండ్లర్?"

"సుందర్ రాజ్‌కి ఫోన్ చేస్తాలే."

"ఏమని చెప్తారు?"

"ఏడాది పదవిలో ఉన్నానని చెప్తా. మధ్యలో వదిలేసి రావడానికి కుదరదని." కొంత దూరం పోయాక, రోడ్డు మీది గుంట దాటుతూ అన్నాడు. "జూన్ పద్నాలుగు శనివారమేగా? సెలవు పెట్టక్కర్లా. నేను డ్రైవ్ చేస్తా."

ఆమె ఆయన మోచెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

క్లారెన్స్ వాళ్ళని చూసి కొట్టంలోంచి బయటికి వచ్చాడు. "ఏమస్! నిజంగా తనిఖీకే వచ్చావా?"

"ప్రమాణం చేశాను" అన్నాడు ఆమోసు. దొడ్డి చుట్టూ నడుస్తూ ప్రతి కర్రనీ ఊపి చూశాడు. పందులు మూతులెత్తి ఆయన్ని వింతగా చూశాయి. ఉత్తరం మూల ఒక అడ్డపలక మేకులు ఊడి వేలాడుతోంది. "ఇది నిలవదు. ఒక దూకు దూకితే మీ పక్కవాళ్ళ చేలో ఉంటాయి. ఇవాళే కొట్టాలి."

"చిత్తం, ఆఫీసర్ గారూ" అన్నాడు క్లారెన్స్. ఆమోసు నవ్వాడు. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

క్లారెన్స్ సుత్తి తెస్తానని కొట్టంలోకి వెళ్ళాడు. అంతదాకా పలక జారిపోకుండా ఆమోసు ఒక కొస పట్టుకున్నాడు. వసంతకుమారి చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, రెండో కొస పట్టుకుంది.